డీఈ గారి గోరు

మా పెదనాన్న కాళ్ళకి మేజోళ్ళు తొడుగుతుంటే కుక్క వచ్చి కాలు చాపింది.

మాలో పోయినవాళ్ళకి కొత్తబట్టలు కట్టి, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు వేసి పెట్టెలో పడుకోబెడతారు. గుణదలలో ఇంటి వసారా నిండా జనం. అయ్యగారు వాక్యం చదవడానికి బైబిలు తెరిచి కళ్ళజోడు సర్దుకుంటున్నారు. పెద్దమ్మ కుడి కాలికి మేజోడు తొడిగి ఎడమ కాలు పట్టుకుందో లేదో, పెట్టె కింద నుంచి కుక్క బయటికి వచ్చింది. ఆమె పక్కనే బోర్లా పడుకుని, ముందరి ఎడమ కాలు చాపి, ఇంజక్షనుకి చెయ్యిచ్చిన మనిషిలా మొహం అటు తిప్పుకుంది.

"ఒక్క నిమిషం ఉండండి అయ్యగారూ" అంది పెద్దమ్మ.

పొద్దుట్నించీ ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి లేచి లోపలికి వెళ్ళింది. గాజుగుడ్డ చుట్ట తెచ్చింది. నేల మీద చతికిలబడి కుక్క కాలికి తీరుబడిగా కట్టు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. ఆ కాలికి దెబ్బా లేదు, పుండూ లేదు. ఎప్పుడో ఒక గోరు ఊడింది, అదీ ఎప్పుడో మానిపోయింది. కంకిపాడు నుంచి వచ్చిన చుట్టాలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "పాపం, దుఃఖంలో మతి చలించినట్టుంది" అని ఒకావిడ నా చెవిలో ఊదింది. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని చీర కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయాను. ఆవిడేమో నన్ను చూసి, అయ్యో ఈ పిల్లకి పెదనాన్నంటే ఎంత ప్రాణమో అనుకుంది.

ప్రాణమే. అందులో అబద్ధం లేదు. కానీ ఆయన గురించి ఎవరైనా చెప్పమంటే ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు అని మొదలుపెట్టడం నా వల్ల కాదు. అవన్నీ సమాధి రాయి మీద చెక్కిస్తారు. నాకు గుర్తున్నది ఆయన వేలు. టీ గ్లాసు చేతికిస్తే ముందు చూపుడువేలు లోపల పెట్టి లోతు కొలిచేవాడు. "ఇయ్యాల మట్టం తగ్గిందే" అనేవాడు పెద్దమ్మతో. బకెట్లో, బిందెలో, పులుసుగిన్నెలో, ఎక్కడ నీళ్ళలాంటిది కనిపించినా వేలు పెట్టాల్సిందే. వేడి సాంబారులో పెట్టి చెయ్యి కాల్చుకున్నా బుద్ధి రాలేదు.

ఆయన కాలువల మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఆటోలో కాలువ వంతెన దాటుతుంటే తల బయటికి పెట్టి, తూము దగ్గర ఎవడు కనిపిస్తే వాడి మీద "ఆ తలుపు కాస్త దించవయ్యా, దిగువన మునిగిపోతన్నారు!" అని అరిచేవాడు. ఒకసారి అలా అరిపించుకున్నవాడు పాపం అక్కడ గాలం వేసుకుని కూర్చున్న మనిషి. కంగారుగా లేచి గాలం పైకి తీశాడు.

చర్చిలో ప్రేమవిందు పెడితే కూర బకెట్టు ఈయనకి ఇవ్వకుండా ఉండడానికి సంఘపెద్దలు నానా తంటాలు పడేవాళ్ళు. ఇస్తే పంక్తి చివర్నుంచి వడ్డించుకొస్తాడు. ముందు వరసలో పెద్దలంతా విస్తళ్ళ ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆఖర్న గోడవారగా కూర్చున్న పిల్లలూ ముసలమ్మలూ అప్పటికే మారు వడ్డించుకునేవాళ్ళు. "పెద్దలు ఆకలిగా కూకున్నారయ్యా" అని పెద్దమ్మ కళ్ళెర్ర చేస్తే, "కూకోనీ. మొదట్లో ఉన్నోళ్ళకి ఎట్టాగైనా అందుద్ది. శివారోళ్ళకి అందితేనే కాలవ పారినట్టు" అనేవాడు. శివారంటే కాలువ చిట్టచివరి పొలాలు. ఆ ఒక్క మాట ఆయనకి వేదవాక్యం.

ఇక కుక్క. అది ఎవరిదో తెలీదు. ఒకరోజు కాలువగట్టు మీద నుంచి ఆయన వెనకే ఇంటికొచ్చేసింది. గోధుమ రంగు, ఒక చెవి నిలబడితే ఒకటి వాలిపోయి ఉంటుంది. దానికి డీఈ గారని పేరు పెట్టాడు. డీఈ అంటే వాళ్ళ డిప్యూటీ ఇంజనీరు. ఎందుకయ్యా ఆ పేరు అంటే, "గట్టంతా తిరుగుతాడు, ప్రతిదీ చూస్తాడు, ఒక్క మాట మాట్టాడడు, భోజనం చేసి ఎళ్ళిపోతాడు. ఇంకేం పేరెడతాం?" అన్నాడు. పేరు పెట్టి ఊరుకున్నాడా, మర్యాద కూడా మొదలుపెట్టాడు. "రండి డీఈ గారూ. కూర్చోండి డీఈ గారూ. తమరు ఆ చెప్పు వదలాలండీ."

పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. "కాపరానికొచ్చిన కాణ్ణించి నన్నొక్కసారి అండీ అన్నావా? కుక్కనంటన్నావు."

"నువ్వు నాకు పై ఆఫీసరువా?"

"కాదా?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఔననుకో. అయినా ఇప్పుడలవాటు చేసుకోలేను" అన్నాడు. ఆయన సంగతేమో గానీ మాకు అలవాటైపోయింది. నేను కూడా ఇప్పటికీ డీఈ గారనే అంటాను.

ఇదంతా నవ్వులాటే. నవ్వులాట కానిది ఆయన ఎడమ కాలు. ఆయనకి షుగరు. బొటనవేలి కింద ఎప్పుడో చిన్న పుండు పడింది, మానలేదు. దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదు. పాత పంచె పేలిక చుట్టి, పైన కాన్వాసు బూటు తొడుక్కుని, ఇంట్లో కూడా ఆ బూటుతోనే తిరిగేవాడు. కాళ్ళు కడుక్కోవాలంటే తలుపేసుకునేవాడు. కానీ వాసన తలుపేస్తే ఆగుతుందా? పెద్దమ్మకి తెలుసు. పక్క వాటాలో ఉన్న నాకూ తెలుసు. ఆ కాలు పోతుందేమో, కాలుతో పాటు మనిషి కూడా పోతాడేమోనని మా ఇద్దరికీ ఒకటే గుబులు.

ఆస్పత్రి మాటెత్తితే మనిషి మనిషి కాదు. కారణం లేకపోలేదు. ఆయన జోడీ లస్కరుకి కూడా ఇలాగే కాలి వేలికి పుండు పడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది మా పెదనాన్నే. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. నడిచి వెళ్ళిన స్నేహితుణ్ణి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. మళ్ళీ కాలువలకి నీళ్ళు వదలకముందే ఆ స్నేహితుడు పోయాడు. అప్పట్నించి పెదనాన్న ఒకటే మాట: "కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు. నా కాళ్ళతో నేనెళ్తా."

పెద్దమ్మ బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. ఒకసారి ఎవరో డాక్టరు చెప్పిన మాట విని వచ్చి, ఆయన భాషలోనే చెప్తే ఎక్కుతుందేమోనని, "నీ ఒంట్లో రక్తం శివారుకి అందట్లేదయ్యా" అంది. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "కాలవ సంగతి నాకు చెప్తావా?" అని కేకలేసి, ఆ కుంటికాలుతోనే గట్టు మీదికి వెళ్ళి పొద్దుగూకేదాకా ఇంటికి రాలేదు. ఇక ఆవిడకి మిగిలింది ప్రార్థన ఒక్కటే. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేశం కోసం, సంఘం కోసం, నా ఉద్యోగం కోసం అయ్యాక, "ప్రభువా, ఈయన కాలు" అనేది. అన్నిటికీ గట్టిగా ఆమెన్ అనే మనిషి దానికి మాత్రం నోరు విప్పేవాడు కాదు.

అట్లాంటి రోజుల్లో డీఈ గారి గోరు ఊడింది.

మధ్యాహ్నం. నాకు సెలవు. డీఈ గారు పెదనాన్న నవారు మంచం ఎక్కి నిద్రపోతున్నారు. వీధిలోకి ఐస్‌క్రీం బండివాడు హారను కొట్టుకుంటూ వచ్చాడు. ఆ హారనంటే ఆయనకి పడదు. ఒక్క ఉదుటున మంచం మీంచి దూకారు. ఆయన దూకారు గానీ ముందరికాలి గోరు నవారు పట్టీల మధ్య ఇరుక్కుని ఒక్క క్షణం అక్కడే ఉండిపోయింది. ఆ అరుపుకి ఐస్‌క్రీం బండివాడు హారను ఆపేసి, బండి తోసుకుంటూ వచ్చిన దారినే పోయాడు.

చూద్దుము కదా, గోరు సగం ఊడి వేలాడుతోంది. నేలంతా రక్తం. డీఈ గారు మూడు కాళ్ళ మీద వసారా అంతా గిరగిరా తిరుగుతూ, తిరిగిన చోటల్లా ఎర్రటి చుక్కలు పెడుతున్నారు.

"గండీ!" అని అరిచాడు పెదనాన్న. "గండి పడింది! ఇసక బస్తాలు తేండే!"

"ఇసకెక్కడిదయ్యా ఇంట్లో?" అని పెద్దమ్మ.

నేను ఫోనులో వెతుకుతున్నాను. శుభ్రమైన గుడ్డతో కాసేపు గట్టిగా అదిమి పట్టుకోవాలి, రక్తం ఆగకపోతే కాస్త మొక్కజొన్న పిండి అద్దాలి అని ఉంది. 'కాస్త' అన్నది నేను గట్టిగానే చదివాను. ఆయనకి వినపడింది 'పిండి' ఒక్కటే. వంటింట్లోకి వెళ్ళి, సంఘం స్త్రీల కూడికకి చేగోడీలు చేద్దామని పెద్దమ్మ ఆడించి పెట్టుకున్న బియ్యప్పిండి డబ్బా ఎత్తుకొచ్చి, మొత్తం డీఈ గారి కాలి మీద కుమ్మరించాడు. "గండికి కొంచెం కొంచెం ఏత్తే కొట్టుకుపోద్దే. ఒక్కసారే ఎయ్యాలి!" అంటున్నాడు. ఈలోగా నేల కడుగుదామని పెద్దమ్మ తెచ్చిన బకెట్టు డీఈ గారి తోక తగిలి ఒలికింది. పిండి తడిసింది. కాలి చుట్టూ ముద్ద కట్టింది. డీఈ గారు ఆగి, ఆ ముద్దని వాసన చూసి, బాగానే ఉందన్నట్టు నాకడం మొదలుపెట్టారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, రక్తం ఆగింది.

"చూశావా?" అన్నాడు పెదనాన్న, ఒళ్ళంతా పిండితో, చేతులు నడుం మీద పెట్టుకుని. పెద్దమ్మ ఖాళీ డబ్బా బోర్లించి చూసుకుంది.

సాయంత్రం పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు, నెమ్మదైన మనిషి. ముందు పిండి గోకింది, తర్వాత వేలాడే గోరు ముక్క తీసేసింది, ఇంజక్షను చేసి మాత్రలిచ్చింది. రెండు పూటలా ఉప్పునీళ్ళతో కడిగి, తడి లేకుండా అద్ది, మందు రాసి, గాజుగుడ్డ వదులుగా చుట్టి, పైన మేజోడు తొడగమంది. నాకనివ్వకూడదు, తడవనివ్వకూడదు అంది. పెదనాన్న చేతులు కట్టుకుని నిలబడి ప్రతి మాటకీ "చిత్తం" అన్నాడు. పై నుంచి వచ్చిన ఆర్డరు వింటున్నట్టే విన్నాడు.

ఆర్డరు బాగానే ఉంది గానీ డీఈ గారు కాలివ్వరే! మర్నాడు పొద్దున ఉప్పునీళ్ళ గిన్నె కనిపించగానే మంచం కిందికి దూరారు. బిస్కెట్టు చూపిస్తే బిస్కెట్టు తిని మళ్ళీ దూరారు. నేను చెయ్యి పెడితే పళ్ళు చూపించారు. పెదనాన్న బతిమాలాడు. "తమరి మంచికేనండీ. ఒక్కసారి కాలివ్వండి." ఉహూఁ.

ఆయన గడ్డం గోక్కుంటూ కూర్చుని కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాడు. "మనదే తప్పు. తూము మీద చెక్క ఏసినప్పుడు ఏ ఆఫీసరూ ముందు కాలెట్టడు. ముందు లస్కరు నడిచి చూపెట్టాల. అప్పుడొత్తారు." అని స్టూలు లాక్కుని కూర్చుని, కుడికాలు చాపి, "ముందు నాకు కట్టవే. చూస్తారు" అన్నాడు పెద్దమ్మతో.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుందనుకున్నాను నేను. పెద్దమ్మ కూడా ఏదో అనబోయింది. అనబోయి, ఆ చాపిన కాలు వంక చూసి ఆగింది. ఆవిడ మొహంలో అలాంటి తెలివి నేను ఎప్పుడూ చూడలేదు. ఏమీ ఎరగనట్టు కూర్చుని కుడికాలు కడిగింది, తుడిచింది, కట్టు కట్టింది. మంచం కింద నుంచి డీఈ గారు మూతి మాత్రం బయటికి పెట్టి చూసి మళ్ళీ లోపలికి తీసుకున్నారు.

"రాలేదే" అన్నాడు పెదనాన్న.

"ఎట్టా వత్తారయ్యా? ఆయనకి దెబ్బ ఎడమ కాలికి. నువ్వు కుడి చూపెడితివి. ఆయనకేం అర్థమవుద్ది?"

పెదనాన్న బూటు వంక చూసుకున్నాడు. నా వంక చూశాడు. పెద్దమ్మ చప్పున, "నువ్విటు కాదు, డీఈ గారి మొహం చూత్తా ఉండు. వత్తన్నారో లేదో చెప్పు" అంది నాతో. నేను నేల మీద బోర్లా పడుకుని మంచం కింద డీఈ గారి మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. వెనక బూటు లేసు విప్పుతున్న చప్పుడు వినపడింది. తర్వాత వాసన. పెద్దమ్మ గబుక్కున ఊపిరి పీల్చి, బయటికి మాట రాకుండా దిగమింగింది. ఎన్నో నెలలుగా చూడనివ్వని కాలు ఆవిడ ఒళ్ళోకి వచ్చింది. వేలి కింద గుంట పడి, అంచులు నల్లబడి ఉన్నాయని నాకు తర్వాత చెప్పి ఏడ్చింది. అప్పుడు మాత్రం ఏమీ చూడనట్టే, "ఇదుగోండి డీఈ గారూ, ముందు ఉప్పునీళ్ళు. మంటేం లేదు. చూడండి, ఈయన ఏడుత్తన్నాడా? లేదు" అని కుక్కకి చెప్పుకుంటూ కడిగింది.

డీఈ గారు బయటికి వచ్చారు. ఆయనకి లస్కరు మీద నమ్మకం కుదిరిందని పెదనాన్న అన్నాడు. పెద్దమ్మ కొంగులో బిస్కెట్ల పొట్లం ఉందన్నది నా నమ్మకం. ఏదైతేనేం, పక్కన పడుకుని, కాలు చాపి, మొహం అటు తిప్పుకున్నారు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. రెండు పూటలా ముందు లస్కరు, తర్వాత డీఈ. మాత్రలు కూడా అంతే. డీఈ గారి మాత్ర ఉడికించిన గుడ్డులో పెట్టేముందు, పెదనాన్న తన షుగరు మాత్రలు నోట్లో వేసుకుని, నాలుక బయటపెట్టి, మింగినట్టు చూపించాలి. అంతకుముందు ఆ మాత్రల్ని గోడవతలికి విసిరేసిన మనిషి! నోట్లో దాచుకుంటాడేమోనని పెద్దమ్మ, "సరిగ్గా చూపెట్టయ్యా, ఆయనకి అనుమానంగా ఉన్నట్టుంది" అనేది.

నేను నా వంతు పని చేశాను. డాక్టరమ్మకి పంపాలని చెప్పి డీఈ గారి గోరు ఫొటో తీశాను. పక్కనే ఉన్న పెదనాన్న కాలు కూడా అందులో పడేట్టు తీశాను. ఆ ఫొటో పట్టుకుని బందరు రోడ్డులో ఒక షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫోను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇందులో పేషెంటు ఎవరమ్మా?" అన్నాడు.

"ఇద్దరూనండీ."

సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. ఫొటో పెద్దది చేసి చూసి, మనిషిని తీసుకురావాల్సిందేనన్నాడు. రాడండీ అంటే తిట్టాడు. చివరికి మందులు రాసి, కట్టు ఎలా కట్టాలో చెప్పి, రోజూ ఫొటో పంపమన్నాడు. "నలుపు పైకి పాకితే మాత్రం కట్టేసైనా తీసుకురండి. ఎర్రగా కండ వస్తుంటే అదృష్టం. కట్టు ఒక్కపూట కూడా మానొద్దు. మధ్యలో మానితే ఈ వేలు మిగలదు" అన్నాడు. ఇంటికొచ్చి, డీఈ గారికి కొత్త మందు రాశారని చెప్పాను. పెదనాన్న ఆ సీసా చేతిలోకి తీసుకుని, పేరు కూడా చదవకుండా, "సరే, ముందు నాకు రాసి చూడండే. పడుద్దో పడదో" అన్నాడు.

ఆయన్ని మేం మోసం చేస్తున్నామా, మమ్మల్ని ఆయన మోసం చేస్తున్నాడా అన్నది నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పెద్దమ్మతో అంటే, "నోరుముయ్యి" అంది.

బకెట్టు సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. డీఈ గారు కట్టు నాకి నాకి ఊడదీస్తున్నారని డాక్టరమ్మ మెడకి గొట్టంలాంటి పట్టీ కట్టమంది. పెదనాన్న పాత పెయింటు బకెట్టుకి అడుగు కోసి తయారుచేశాడు. డీఈ గారు దాన్ని చూసి మంచం కిందికి వెళ్ళిపోయారు. ఇంకేముంది, రెండో బకెట్టు కూడా కోశాడు. దాన్ని తన మెడకి తగిలించుకుని వసారాలో కూర్చున్నాడు. అవి మేరీమాత తిరునాళ్ళ రోజులు. కొండకి వెళ్ళే జనమంతా మా సందులోంచే పోతున్నారు. ఒక ముసలాయన మెడలో బకెట్టు, పక్కన ఒక కుక్క మెడలో బకెట్టు, ఇద్దరి ఎడమ కాళ్ళకీ తెల్లకట్లు. ఇదేదో మొక్కుబడి కాబోలనుకుని ఒకావిడ పెదనాన్న ముందు కొబ్బరికాయ పెట్టి దణ్ణం పెట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా అయ్యగారు పరామర్శకి వచ్చారు.

"ఏంటండీ ఇది?" అన్నారు, ఎటు చూడాలో తెలీక.

"డీఈ గారికి చూపెడతన్నానండీ" అన్నాడు పెదనాన్న.

"దెబ్బ ఎవరికి?"

"ఆయనకేనండీ. నాకేం లేదు."

అయ్యగారు పెద్దమ్మ వంక చూశారు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆయన ఇంకేమీ అడక్కుండా కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, "ప్రభువా, ఈ గృహములో గాయపడిన నీ బిడ్డ... నీ సృష్టిని స్వస్థపరచుము" అని ప్రార్థించారు. బకెట్టులోంచి "ఆమెన్" అని గట్టిగా వినిపించింది. ఆ కాలి గురించి ఆయన ఆమెన్ అనడం అదే మొదటిసారి. పెద్దమ్మ లోపలికి వెళ్ళి వంటింట్లో ఏడ్చింది. అది సంతోషమే.

రోజులు గడిచాయి. పెదనాన్న కాలి నలుపు ఆగింది. అంచుల్లో ఎర్రటి కండ కనిపిస్తోందని షుగరు డాక్టరు ఫోనులోనే సంబరపడ్డాడు. ఇంకా చాలా రోజులు పడుతుంది, కట్టు మానొద్దు అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. అంతా బాగానే ఉంది గానీ పెద్దమ్మకి కొత్త బెంగ పట్టుకుంది. డీఈ గారి గోరు ఈయన పుండు కంటే తొందరగా మానిపోతోంది. కుక్కకి తగ్గిపోతే ఈయన ఇక బూటు విప్పడు. భర్త కాలు తగ్గాలని ప్రార్థించిన నోటితోనే ఆవిడ, కుక్కది తగ్గకూడదని ప్రార్థించలేక, రెంటికీ మధ్య నలిగిపోయింది. "మూగజీవం ఉసురు తగులుద్దేమోనే" అనేది నాతో.

ఆవిడ భయపడ్డట్టే అయింది. మా సందులో ఎవరిదో గేదె ఈనితే చూడ్డానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పనైపోయాక, కుక్క ఎలా ఉందో చూసిపోదామని మా ఇంట్లోకి తొంగిచూసింది. వసారాలో అప్పుడే కట్టు సామానంతా సర్ది ఉంది. పెద్దమ్మ గుమ్మంలోంచి చేతులు ఊపుతూ వద్దు వద్దని సైగ చేస్తూనే ఉంది. డాక్టరమ్మ చూసుకోలేదు. డీఈ గారి కట్టు విప్పి, వేలు నొక్కి చూసి, నవ్వింది.

"గోరు చక్కగా వచ్చేసిందండీ. ఇక కట్టు అక్కర్లేదు."

పెద్దమ్మ గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. కట్టు ఊడిన ఆనందంలో డీఈ గారు పక్కింటి కోడిపెట్టని చూశారు, దాని వెంట పడ్డారు, అది గోడ ఎక్కితే ఆయనా ఒక్క ఊపున గోడ దూకి అవతలికి వెళ్ళిపోయారు.

పెదనాన్న ఆ గోడ వంకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "లేదండీ డాక్టరమ్మా" అన్నాడు. "తమరు పైపైన చూసి చెప్తన్నారు. ఆయనకింకా తగ్గలేదు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. "అదేంటండీ, పరిగెడుతోంది కదా! గోడ కూడా దూకేసింది."

"దూకుతారండీ. నొప్పుందని తెలిత్తే కాలు తీసేత్తారేమోనని దూకుతారు. పైకి ఎన్నయినా ఏసాలు ఏత్తారు. లోపలంతా భయమేనండీ." ఆయన తన ఎడమ మోకాలు నిమురుకున్నాడు. "ఆయన సంగతి నాకు తెలుసు."

డాక్టరమ్మ ఆయన ఎడమ కాలికున్న కాన్వాసు బూటు చూసింది. స్టూలు పక్కన ఉన్న ఉప్పునీళ్ళ గిన్నె చూసింది. గోడకి ఆనుకున్న పెద్దమ్మ మొహం చూసింది. మళ్ళీ కింద కూర్చుని, చాలా నిదానంగా చెప్పింది.

"నేనే సరిగ్గా చూడలేదండీ. ఇంకా తగ్గలేదు. కాలు ఎవరూ తీయరని చెప్పండి ఆయనకి. కట్టు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు."

"ఎన్నాళ్ళండీ?"

"తగ్గేదాకా."

"చిత్తం" అన్నాడు పెదనాన్న. గోడవతలికి తలెత్తి, "విన్నారా డీఈ గారూ?" అని కేకేశాడు. అక్కణ్ణించి కోడి అరుపు తప్ప ఏమీ రాలేదు. డీఈ గారు వచ్చేట్టు లేరు.

ఆయన స్టూలు ముందుకి జరుపుకున్నాడు. వంగి బూటు లేసు తనే విప్పుకున్నాడు. పాత కట్టు ఊడదీసి, చూడ్డానికి కుక్క లేని ఆ వసారాలో, మా అందరి ముందూ, ఎడమ కాలు తీసి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు.

"కట్టండి" అన్నాడు ఆవిడతో.